ఎడమచేతి బరువు

గిటారు కొన్న మూడో వారంలో పిల్లలు అడిగే ప్రశ్న శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఒకటే: “వేళ్లు మండిపోతన్నాయి సార్, ఇది ఎప్పటికి తగ్గుతాది?” జవాబు కూడా అంతటా ఒకటే. ఓర్చుకో, కాయలు కాస్తే అదే తగ్గుతుంది. ఇందులో సగం నిజముంది. మిగతా సగాన్ని ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్లే బోలెడన్ని గిటార్లు అటకెక్కుతున్నాయి. కొత్తగా గిటారు పట్టినవాళ్లలో 90 శాతం మంది మొదటి ఏడాదిలోనే వదిలేస్తున్నారని ఫెండర్ కంపెనీ అధిపతిగా ఆండీ మూనీ చెప్పారు. గిటార్లు అమ్ముకుని బతికే కంపెనీ తన నోటితో ఒప్పుకున్న లెక్క కాబట్టి నమ్మదగిందే అనుకుంటాను.

కుడిచేయి తప్పు చేస్తే పాట బాగోదు. ఎడమచేయి తప్పు చేస్తే పాటే ఉండదు, తీగ టక్కుమని మూగబోతుంది. పైగా నొప్పంతా దానికే. మానేసినవాళ్లు “టైము కుదరలేదు” అంటారుగానీ, తరచి అడిగితే సంగతి ఎడమచేతి దగ్గరే తేలుతుంది. ఆ నొప్పిలో చాలా భాగం అక్కర్లేనిది. తీగ నొక్కే పని కాక, తనది కాని బరువులు నాలుగైదు ఆ చేతిమీద పడుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే దించడమే మొదటి ఆరు నెలల చదువని నా అభిప్రాయం.

ఈ విషయం మాట్లాడుకోవడానికి తెలుగునాట ఈ రెండు జిల్లాలను మించిన చోటు కనబడదు. విజయరామ గజపతి 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టించారు. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వాయిద్యం విని, ఆయన్ను వయొలిన్ ఆచార్యుడిగానే వేసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. అదే జిల్లాలో బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో పనస మానును తొలిచి ఏకాండి వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాలున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంటే వందేళ్లకు పైగా, కొత్త పిల్లల ఎడమచేతిని తీగమీద కూర్చోబెట్టే పని ఇక్కడ ఆగకుండా జరుగుతోంది.

గిటారు వాళ్లు మాత్రం అటు తొంగి చూడరు. గిటారు ఇక్కడికి వచ్చిన దారులు వేరు. కెనడా బాప్టిస్టు మిషనరీలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాల్లో వేసిన పునాదుల మీద పెరిగిన సంఘాల్లో ఇవాళ ఆదివారం ఆరాధనకు కీబోర్డు పక్కన గిటారు ఉండడం మామూలు సంగతి. ఇంకోదారి ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టు. మూడోది, అన్నిటికంటే పెద్దది, సెల్‌ఫోను. ఈ మూడు దారుల్లోనూ మొదటి రోజే పాట కావాలి. పాటంటే కార్డులు, కార్డులంటే మూడు నాలుగు వేళ్లు ఒకేసారి పడాలి. వీణ దగ్గర పిల్లవాడు ఒక్క వేలితో ఒక్క స్వరం నిలబెట్టడానికి వారాలు తీసుకుంటాడు. గిటారు దగ్గర మొదటి సాయంత్రమే నాలుగు వేళ్ల గారడీ చేయమంటాం. చిక్కు అక్కడే మొదలవుతుంది.

వీణ ఎడమచేతిని కాస్త దగ్గరగా చూద్దాం. వీణకు 24 మెట్లు, మైనం మీద నిలబెట్టినవి. వాయించే తీగలు నాలుగు, తాళం తీగలు మూడు. ఎడమచేయి దండి కింది నుంచి వచ్చి, వంగి, పైనుంచి తీగమీద వాలుతుంది. పనంతా దాదాపు చూపుడువేలిదీ మధ్యవేలిదీ. ఆ రెంటినీ కలిపి వాడేవాళ్లున్నారు, విడదీసి వాడేవాళ్లూ ఉన్నారు. వేళ్లు జారడానికి పక్కనే గిన్నెలో కాస్త నూనె పెట్టుకుంటారు. ఆ జారుడులో, మెట్టుమీదే తీగను పక్కకు లాగి పై స్వరాన్ని పలికించడంలో గమకం ఉంది. వయొలిన్‌కు మెట్లే లేవు. అయితే మన కచేరీ వయొలిన్‌ను పట్టే తీరు గమనించండి. నేలమీద కూర్చుని, వాద్యం తలను కుడి చీలమండకు ఆనిస్తారు, రెండో కొస ఛాతీకి, భుజానికి తగిలి ఉంటుంది. వాద్యాన్ని ఆ రెండు చోట్లే మోస్తాయి, ఎడమచేయి మోయదు. మోయదు కాబట్టే పై స్థాయి నుంచి కింది స్థాయికి ఒక్క ఊపులో జారగలదు. యూరప్ నుంచి వచ్చిన వాద్యాన్ని మన పెద్దలు ఎలా కూర్చోబెట్టారో చూస్తే, ఎడమచేతి బరువు దించడం వాళ్లకు మొదటి పనిగా తోచిందని అర్థమవుతుంది.

గిటారు పట్టిన పిల్లవాడు మంచంమీద గానీ చాపమీద గానీ బాసింపట్టు వేసి కూర్చుంటాడు. గిటారు బొజ్జ కుడి తొడమీద కూలబడుతుంది, నెక్ కిందికి వాలుతుంది. దాన్ని పడిపోకుండా పట్టుకునేది ఎవరు? ఎడమచేయే. పట్టుకోవడానికి అరచేయి నెక్‌కు అతుక్కుంటుంది, మణికట్టు విరిగినట్టు వంగుతుంది, వేళ్లు తీగలమీద పడుకుంటాయి. పడుకున్న వేలు పక్క తీగను తాకి మూగబోయేట్టు చేస్తుంది. ఇక్కడ ఎంత సాధన చేసినా లాభం లేదు, కూర్చోవడంలోనే తప్పుంది. చేతుల్లేని కుర్చీ, వీపు నిటారుగా, నెక్ కొస భుజం ఎత్తుకు దగ్గరగా. క్లాసికల్ వాళ్లు ఎడమకాలి కింద చిన్న పీట పెట్టి గిటారును ఎడమ తొడమీదికి తెచ్చుకునేది ఇందుకే. పీట ఇష్టంలేకపోతే కూర్చున్నప్పుడు కూడా బెల్టు వేసుకోవాలి. బెల్టు నిలబడి వాయించేవాళ్లకే అనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన పొరపాటు. సరిగ్గా కూర్చున్నామో లేదో తెలియాలంటే ఎడమచేయి పూర్తిగా తీసేసి చూడండి. గిటారు కదలకుండా ఉంటే సరే. నెక్ వాలిందంటే ఇంకా చేయి మోస్తోందన్నమాట.

రెండో బరువు గిటారుదే. కోల్‌కతా నుంచి వచ్చే చవక గిటార్లలో, ఆన్‌లైన్‌లో అట్టపెట్టెలో దిగేవాటిలో తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉండడం తరచూ చూస్తాం. దీన్నే యాక్షన్ ఎక్కువగా ఉందంటారు. ఉక్కు తీగల గిటారుకు పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే హాయి. నైలాన్ తీగల దానికి మూడు, నాలుగు దాకా ఉంటుంది. అంతకు మించితే వేలు తీగను నొక్కడం కాదు, వంచడం మొదలవుతుంది. మన తీరంలో దీనికి తోడు తేమ ఉంది. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పై పలక పొంగి తీగలు ఇంకా పైకి లేస్తాయి. ఉక్కు తీగలు తుప్పు పట్టి గరుకు దేలుతాయి. గరుకు తీగమీద లేత వేలు జారితే మంటే. వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడవడం, వానాకాలంలో గిటారును సంచిలోనే ఉంచడం, రెండు మూడు నెలలకోసారి తీగలు మార్చడం ఖర్చులోకి రావు. కొత్తవాళ్లకు పది నంబరు సన్నని సెట్టు చాలు. పన్నెండు నంబరు మోత బాగుంటుందిగానీ అది వేళ్లు కుదిరాక. బ్రిడ్జిమీది ఎముక పట్టీ అడుగున అరగదీసి ఎత్తు తగ్గించడం తెలిసినవాళ్లకు అరగంట పని. గిటారు ధరలో చిన్న భాగం దానికి పెడితే, ఆరు నెలల కాయలు చేయలేని మేలు చేస్తుంది. “మొదట్లో కష్టమైన గిటారుమీద నేర్చుకుంటే తర్వాత ఏదైనా తేలిక” అనే వాదన ఒకటుంది. అలా నేర్చుకుని నిలబడ్డవాళ్లు చెప్పే మాట అది. మానేసినవాళ్లు చెప్పరు కదా.

మూడోది వేలి ఒత్తిడి. వేలిని ఫ్రెట్‌కు ఆనించినంత దగ్గరగా, దానికి వెనకపక్క పెడితే తక్కువ ఒత్తిడితో స్వరం పలుకుతుంది. రెండు ఫ్రెట్ల నడుమ పెడితే ఎక్కువ కావాలి. ఫ్రెట్ నెత్తిన పెడితే మూగబోతుంది. ఎంత నొక్కాలో ఎవరూ చెప్పలేరు, చేతికే తెలియాలి. తీగమీద వేలు ఊరికే ఆనించి మీటండి, టక్కుమంటుంది. కొద్దికొద్దిగా నొక్కుతూ మీటుతూ ఉండండి. కాసేపు గరగరమని, ఒకచోట స్వరం తేటపడుతుంది. అక్కడ ఆగాలి. అంతకు మించి నొక్కే ప్రతి పిసరూ వృథా, పైగా తీగ సాగి శ్రుతి కాస్త పైకి పోతుంది. ఈ పరీక్ష చేయించినప్పుడు దాదాపు అందరూ ఆశ్చర్యపోతారు. తాము మామూలుగా నొక్కేది దానికి రెండింతలు, మూడింతలు ఉంటుంది. రోజూ వాయించబోయే ముందు రెండు నిమిషాలు దీనికే కేటాయించడం వ్యాయామాలన్నిటికన్నా ఎక్కువ ఫలం ఇస్తుంది.

బలం గురించి ఒక మాట. వేళ్లను వంచే పెద్ద కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. నరాల్లాంటి స్నాయువులు వాటి నుంచి మణికట్టు దాటుకుని వేళ్లకు వస్తాయి. మణికట్టును బాగా వంచితే ఆ దారి బిగుసుకుని వేలి పట్టు సడలుతుంది. పిడికిలి గట్టిగా బిగించి, మణికట్టును లోపలికి పూర్తిగా వంచి చూడండి, పట్టు దానంతట అదే వదులవుతుంది. ఉంగరపువేలికీ చిటికెనవేలికీ వెనకవైపు స్నాయువుల మధ్య లంకెలున్నాయి. ఒకటి లేస్తే రెండోది కదులుతుంది. కొత్తవాడి ఉంగరపువేలు మొరాయించడం సోమరితనం కాదు, ఒంటి కట్టడి. స్ప్రింగు పట్టుకుని నొక్కే వ్యాయామాలు దీన్నేమీ మార్చవు. మారేది మెదడు. 1995లో టామస్ ఎల్బర్ట్ బృందం ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో తొమ్మిదిమంది తంత్రీవాద్యకారుల మెదడును పరిశీలించారు. ఆరుగురు వయొలిన్, ఇద్దరు చెల్లో, ఒకరు గిటారు. ఎడమచేతి వేళ్ల స్పర్శకు మెదడులో కేటాయించిన చోటు మామూలువాళ్లకంటే పెరిగి ఉంది, చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లలో మరీ. కాబట్టి గిటారుకు కావాల్సింది కండ కాదు, వేలిని వేలిగా విడిగా గుర్తుపట్టడానికి మెదడుకు కాస్త తీరిక.

ఇక బొటనవేలి తగాదా. గిటారు నేర్పేవాళ్లు ఇద్దరు కలిస్తే దీనిమీద తప్పక వాదులాడుకుంటారు. స్పెయిన్ వాడైన ఫెర్నాండో సోర్ 1830లో ప్యారిస్‌లో తన పద్ధతి గ్రంథం వేసినప్పుడే బొటనవేలు నెక్ వెనక ఉండాలన్న పక్షం తీసుకున్నాడు. అదే తరంలో కరుల్లి లాంటివాళ్లు బొటనవేలిని పైనుంచి వంచి మందపు తీగను నొక్కించేవాళ్లు. ఇరవయ్యో శతాబ్దంలో క్లాసికల్ గిటారిస్టు సెగోవియా దారిలో నడిచినవాళ్లు బొటనవేలిని నెక్ వెనకే ఉంచారు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ దాన్ని పైకి తెచ్చి బాస్ స్వరాలు పలికించాడు. ఎవరు తప్పు? ఎవరూ కాదు, చేసే పనులు వేరు. వేళ్లు విడిగా, దూరంగా చాచాలంటే బొటనవేలు వెనక, మధ్యవేలికి ఎదురుగా ఉండాలి, అప్పుడే అరచేతికీ నెక్‌కూ మధ్య ఖాళీ దొరుకుతుంది. తీగను పక్కకు లాగి గమకం చేయాలంటే బొటనవేలు పైకొచ్చి దన్ను పట్టాలి, లేకపోతే లాగలేం. మన పిల్లలకు రెండూ కావాలి, ఎందుకంటే మన పాటకు గమకం కావాలి. అయితే వరస ముఖ్యం. వెనక పెట్టడం ముందు నేర్చుకున్నవాడు పైకి తేవడం ఒక వారంలో పట్టేస్తాడు. పైనుంచి మొదలైనవాడు వెనక్కి పోవడానికి నెలలు తంటాలు పడతాడు.

రెండు వేళ్ల వీణ పద్ధతి గిటారుకు పనికొస్తుందా అన్న ప్రశ్నకు జాంగో రైన్‌హార్ట్ జీవితమే జవాబు. 1928లో బండి ఇల్లు తగలబడి ఆయన ఎడమచేతి ఉంగరపు, చిటికెన వేళ్లు ముడుచుకుపోయాయి. తర్వాత ఏకవాదనమంతా చూపుడు, మధ్య వేళ్లతోనే చేశాడు, మిగతా రెంటినీ కార్డుల్లో కొద్దిగా ఆసరాకు వాడుకున్నాడు. యూరప్ జాజ్ గిటారుకు ఆయనే పెద్దదిక్కయ్యాడు. రాగం వాయించడానికి రెండు వేళ్లు చాలు. కార్డుకు చాలవు. ఇది స్పష్టంగా ఉంటే వీణ నుంచి ఏం తీసుకోవాలో, ఏం వదలాలో తేలిపోతుంది.

నాలుగు వేళ్లనూ నాలుగు వరుస ఫ్రెట్లమీద పెట్టే వ్యాయామం ప్రపంచమంతా ఉంది. దాన్ని మొదటి ఫ్రెట్ నుంచి మొదలుపెట్టించడం మాత్రం నాకు అర్థంకాని ఆచారం. లెక్క చూడండి. 650 మిల్లీమీటర్ల తీగ పొడవున్న గిటారులో మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దూరం దాదాపు 98 మిల్లీమీటర్లు. అదే అయిదు నుంచి ఎనిమిది దాకా 77 మాత్రమే. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. పదేళ్ల పిల్ల చేతికి ఆ రెండు సెంటీమీటర్ల తేడా చాలా పెద్దది. అయిదో ఫ్రెట్ దగ్గర చేయి ఒంటికి దగ్గరగా ఉంటుంది, భుజం చాచనక్కర్లేదు. అక్కడ నెల రోజులు కుదురుకున్నాక ఒక్కొక్క మెట్టే కిందికి దిగొచ్చు. ఆ వ్యాయామంలో వేలు ఎత్తే ఎత్తు కూడా చూసుకోవాలి. పని లేని వేలు తీగకు కొద్ది ఎత్తులోనే కాచుకుని ఉండాలి, ఆకాశంలోకి లేవకూడదు. లేచిన వేలు మళ్లీ దిగి రావాలి కదా, వేగమంతా అక్కడే పోతుంది.

కార్డుల దగ్గర మన శిక్షకులు చేసే పెద్ద పొరపాటు, కార్డును ఒక బొమ్మగా నేర్పి, ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు దారి నేర్పకపోవడం. ఏ మైనర్ నుంచి సి మేజర్‌కు పోవాలంటే చూపుడు, మధ్య వేళ్లు ఉన్నచోటే ఉంటాయి, ఉంగరపువేలు ఒక్కటే మూడో తీగ నుంచి అయిదో తీగకు జరుగుతుంది. ఏ మైనర్, ఇ మేజర్ ఆకారం ఒకటే, ఒక తీగ పక్కకు జరిగిందంతే. ఇది తెలియని పిల్లవాడు ప్రతిసారీ చేయి మొత్తం ఎత్తి మళ్లీ దింపుతాడు. ఆస్ట్రేలియాకు చెందిన జస్టిన్ శాండర్‌కో తన పాఠాల్లో ఒక నిమిషం మార్పులనే చిన్న ఆట పెట్టాడు. రెండే కార్డులు, ఒక్క నిమిషం, ఎన్నిసార్లు మారగలిగామో లెక్క రాసుకోవడం. మంచి ఉపాయమే, పిల్లలకు పోటీ సరదా. నాకున్న అభ్యంతరం ఒకటే: లెక్క పెంచాలన్న తొందరలో మూగ తీగలను వదిలేస్తారు. ఎఫ్ మేజర్ దగ్గర మరీ తొందరపడతారు. చూపుడువేలు ఆరు తీగలకూ అడ్డంగా పడాలి. అది మొదటి మూడు నెలల పని కాదు, పై నాలుగు తీగల చిన్న ఎఫ్‌తో సరిపెట్టుకోవచ్చు. అడ్డం వేయడం నేర్చుకోవాలనుకున్నా అయిదో ఫ్రెట్ దగ్గరే మొదలుపెట్టాలి. నట్ (నెక్ కొసన తీగలు ఆనే పట్టీ) పక్కన తీగ అన్నిటికంటే బిగువుగా తగులుతుంది.

పాడుతూ వాయించేవాళ్లకు కేపో, అంటే ఫ్రెట్‌మీద తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి ఉంచే బిగింపు, ఎడమచేతికి పెద్ద సాయం. కేపో అంటే చేతకానివాడి కర్ర అని చులకన చేసేవాళ్లున్నారు. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయికి జి ఆకారాలే చాలు, మొదటి ఫ్రెట్‌మీద కేపో పెడితే సరిపోతుంది. లేకపోతే ప్రతి కార్డూ అడ్డం వేయాల్సి వస్తుంది. పైగా కేపో పెట్టినప్పుడు నట్ దగ్గరి ఎత్తు కూడా తగ్గి నొక్కడం తేలికవుతుంది.

ఇక సాధన. ఇక్కడ విజయనగరానికి గిటారు వాళ్లు బాకీ పడ్డారని చెప్పొచ్చు. మాయామాళవగౌళలో సరళీ వరుసలు మూడు కాలాల్లో వాయించడం అన్ని సంగీత కళాశాలల్లో మొదటి పాఠం. తాళం మారదు, ఒక దెబ్బకు మొదట ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. ఇందులో తెలివి ఏమిటంటే, పరుగు పెట్టే పిల్లవాడికి కూడా మొదటి కాలం తప్పదు. మొదటి కాలంలో ఎడమచేతి లోపం దాక్కోలేదు. ప్రతి స్వరం ఒక దెబ్బ పొడవునా వినపడాలి, మధ్యలో తెగితే అందరికీ తెలిసిపోతుంది. దీన్ని కార్డులకు యథాతథంగా తెచ్చుకోవచ్చు. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, నాలుగు దెబ్బలకు ఒక కార్డు, తర్వాత రెండు దెబ్బలకు ఒకటి, చివరికి దెబ్బకొకటి. మెట్రోనోమ్ ఫోనులో ఉచితంగా దొరుకుతుంది, లేకపోతే తొడమీద తాళం ఎవరైనా వేయొచ్చు. మూడు కాలాల పద్ధతికి ఒక లోపం కూడా ఉంది. రెండో కాలం మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. మధ్యలో మెట్టు లేదు. రెండో కాలంలో చిక్కుకుపోయిన పిల్లవాడికి మెట్రోనోమ్ మేలు, 60 నుంచి 64కు, 68కి పోవచ్చు. రెండింటినీ కలిపి వాడుకోవడంలో తప్పేముంది?

ఎన్ని గంటలు? మన దగ్గర సాధన కథలన్నీ గంటల్లోనే ఉంటాయి. తెల్లవారుజామున లేచి ఎనిమిది గంటలు, పది గంటలు. మాల్కం గ్లాడ్‌వెల్ 2008లో రాసిన పుస్తకంతో పదివేల గంటల మాట ఇంటింటికీ చేరింది. ఆ మాట వెనక ఉన్నది 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థులమీద చేసిన అధ్యయనం. అందులో గంటలతోపాటు ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. బాగా వాయించేవాళ్లు పనిని విడతలుగా చేసుకుని నడుమ విశ్రాంతి తీసుకునేవాళ్లు, మిగతావాళ్లకంటే ఎక్కువ నిద్రపోయేవాళ్లు. 2019లో మాక్‌నమారా, మైత్రా అదే అధ్యయనాన్ని మళ్లీ చేసి చూస్తే గంటల ప్రభావం మొదట చెప్పినంత పెద్దదిగా తేలలేదు. అంతకంటే పనికొచ్చేది 2009లో రాబర్ట్ డ్యూక్ బృందం టెక్సాస్‌లో చేసిన చిన్న అధ్యయనం. పదిహేడుమంది పియానో విద్యార్థులకు ఒకే కష్టమైన ముక్క ఇచ్చి, సాధన చేయించి, మర్నాడు వాయించమన్నారు. ఎంతసేపు చేశారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ మర్నాటి ఫలితానికీ సంబంధం కనపడలేదు. తప్పు వచ్చినచోట ఆగి, అదేమిటో కనిపెట్టి, ఆ చోటునే నెమ్మదిగా సరిచేసుకున్నవాళ్లు ముందున్నారు. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు. తప్పు రాగానే పాట మొదటికి వస్తారు. దాంతో పల్లవి వందసార్లు, చరణంలోని కష్టమైన కార్డు పదిసార్లు వాయిస్తారు. తప్పున్న రెండు కార్డుల మధ్య మాత్రమే అయిదు నిమిషాలు తిరగడం విసుగే. ఆ విసుగునే సాధన అంటారు.

ఇంకో చిన్న సంగతి. ఒకే పనిని ఏకబిగిన చేయడంకంటే మార్చి మార్చి చేయడం మేలని క్లారినెట్ వాయించేవాళ్లమీద కార్టర్, గ్రాన్ 2016లో చేసిన పరిశీలన సూచించింది. వాయించేటప్పుడు ఏకబిగిన చేసిందే బాగా వచ్చినట్టనిపిస్తుంది, కానీ మర్నాటికి నిలిచేది రెండోది. నేను సిఫారసు చేసేది పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట. పొద్దున అయిదో ఫ్రెట్ వ్యాయామం, తక్కువ ఒత్తిడి పరీక్ష, రెండు కార్డుల మార్పు, వీటిలో తిరుగుతూ ఉండాలి. సాయంత్రం పాట. వేలి చర్మం గట్టిపడడానికి రెండు మూడు వారాల నుంచి నెల పడుతుంది. ఆదివారం మూడు గంటలు వాయించి మిగతా వారం మానేస్తే చర్మం ఒకరోజు పగులుతుంది, ఆరు రోజుల్లో మెత్తబడుతుంది. బడికి ముందు గిటారు గోడకు తగిలించి కళ్లెదురుగా ఉంటే ఈ పావుగంటలు పడతాయి, సంచిలో ఉంటే పడవు. వానాకాలంలో సంచిలో పెట్టమన్నాను కదా, అక్కడ రాజీ పడక తప్పదు.

వేలి కొసల మంట మామూలే. మణికట్టులో, బొటనవేలి మొదట్లో, మోచేతి దగ్గర నొప్పి మాత్రం మామూలు కాదు. తిమ్మిరి అసలే కాదు. ఇవి వస్తే ఆ రోజుకు ఆపాలి, రెండు మూడు రోజులైనా పోకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. “నొప్పి ఉంటేనే సాధన” అన్న గురువు దగ్గర ఉండకూడదు. ఎడమచేతి గోళ్లు చర్మం దాకా కత్తిరించుకోవాలి. ఇది చెప్పకపోవడం వల్ల సగం కార్డులు పలకని అమ్మాయిలు ఎందరో. ఎడమచేతివాటం పిల్లల విషయంలో నా మాట చాలామందికి నచ్చదు: ఇబ్బంది లేకపోతే అందరిలాగే పట్టించండి. కచేరీ వయొలిన్‌లో మనం చేస్తున్నది అదే. పైగా ఎడమచేయి చురుగ్గా ఉండడం ఫ్రెట్లమీద లాభమే. మార్చి పట్టుకునే గిటార్లు మన ఊళ్లలో సులువుగా దొరకవు, స్నేహితుడి గిటారు అందుకుని వాయించే సరదా కూడా పోతుంది. పట్టుకుంటేనే చేయి ఎదురు తిరిగిందనిపిస్తే మాత్రం బలవంతం చేయొద్దు.

ఫోను పాఠాల్లో లోపం పాఠంలో లేదు, చాలా పాఠాలు బాగున్నాయి. ఫోను మన చేయి చూడదు, మన మూగ తీగ వినదు. దీనికి సగం మందు ఫోనులోనే ఉంది: వారానికోసారి కెమెరా ఎడమచేతికి ఎదురుగా పెట్టి రెండు నిమిషాలు తీసుకుని, వెనక్కి తిప్పి చూసుకోవడం. బొటనవేలు ఎక్కడుంది, మణికట్టు వంగిందా, పని లేని వేలు ఎంత ఎత్తున ఉంది? మొదటిసారి చూసుకున్నవాడు ఇది నా చేయేనా అంటాడు.

మిగతా సగానికి మనిషి కావాలి. ఆ మనిషి గిటారు వాయించేవాడే కానక్కర్లేదు. పాలకొల్లులో మాండలిన్ పట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాయించరు. ఆయన పాడితే శ్రీనివాస్ విని వాయించేవాడు. ఫ్రెట్లున్న పరాయి వాద్యంమీద గమకం ఎలా పలికించాలో చేతితో చూపించేవాళ్లు లేకపోయినా, చెవి చెప్పినట్టు ఎడమచేయి దారి వెతుక్కుంది. విజయనగరంలో, బొబ్బిలిలో, శ్రీకాకుళంలో ఇంటి దగ్గర వీణో వయొలినో గాత్రమో చెప్పే టీచర్లు ఉన్నారు. గిటారు పిల్లల్ని ఒక ఆరు నెలలు వాళ్ల దగ్గరికి పంపితే, కార్డులు రాకపోవచ్చు, సరళీలు మూడు కాలాల్లో వస్తాయి, స్వరం తేలిపోయినప్పుడు చెవికి తెలుస్తుంది. సాలూరి రాజేశ్వరరావు బాణీలో పాట ఒకటి ఎంచుకుని కార్డులు వేసి పాడినప్పుడు ఎందుకు ఏదో తక్కువైనట్టుంటుందో కూడా అక్కడే తెలుస్తుంది. కార్డు పాటకు పీట వేస్తుంది, గమకం చూపుడువేలు లాగితేనే వస్తుంది. ఆ లాగడం నేర్పే పద్ధతి గిటారు పాఠాల్లో తీగ వంచడం (బెండింగ్) పేరుతో ఎప్పుడో రెండో ఏడాదిలో వస్తుంది. వీణ టీచరు దగ్గర మొదటి గీతంతోనే మొదలవుతుంది. గిటారు తీసుకుని వెళ్తే వీణ టీచర్లు కొందరు ముఖం చిట్లిస్తారు, కొందరు “ఏదీ, ఆ రెండో తీగమీద రిషభం పలికించు చూద్దాం” అంటారు. రెండో రకం వాళ్లను వెతుక్కోవాలి.